కొబయాషికి ఆకలి వేయదు

మా నాన్న చేతికి చాలా ఏళ్ళు ఒక హెచ్‌ఎంటీ వాచీ ఉండేది. తెల్ల డయలు, నల్ల తోలు పట్టీ. అది జీతం డబ్బుతో కొన్నది కాదు, బూరెలు తిని గెలుచుకున్నది. 1983లో తణుకు దగ్గర మా పెద్దత్త పెళ్ళిలో మగపెళ్ళివారి వైపు పెద్దమనిషి ఒకాయన పందెం కాశాడట: "మేష్టారూ, నలభై బూరెలు తినండి, ఈ వాచీ మీది." పూర్ణం బూరెలు. వేడివేడిగా, మధ్యలో వేలితో చిల్లు పొడిచి నెయ్యి పోసినవి. నాన్న నలభై రెండు తిన్నాడు. ఆ పై రెండూ ఎందుకు తిన్నావని ఎవరడిగినా ఒకటే జవాబు: "నలభై వాచీ కోసం. రెండు బూరెల కోసం."

నాన్న హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పాడు. కానీ చుట్టాల్లో ఎవరికీ ఆయన లెక్కల మేష్టారు కాదు, బూరెల మేష్టారు. ఏ పెళ్ళికెళ్ళినా బంతిలో ఆయన కూర్చున్న చోట నలుగురు మూగేవాళ్ళు. నాకది గొప్పగా ఉండేది. నా స్నేహితుల నాన్నలకి స్కూటర్లుండేవి. మా నాన్నకి పేరుండేది.

2008లో, ఇంజనీరింగ్ రెండో ఏడు, హాస్టల్ గదిలో ఎవరిదో లాప్‌టాప్‌లో తకేరు కొబయాషిని మొదటిసారి చూశాను. బల్ల ముందు నిలబడి, ఒళ్ళంతా మెలికలు తిప్పుతూ, రెండు చేతులా హాట్‌డాగ్‌లు నోట్లో కుక్కుకుంటున్నాడు. గదిలో అందరూ నవ్వుతున్నారు, ఒకడు "ఛీ" అంటున్నాడు. నాకు మాత్రం మా నాన్న గుర్తొచ్చాడు. అప్పట్నుంచి ఈ పదహారేళ్ళూ ఆ మనిషి సంగతులు ఎక్కడ కనబడినా వదల్లేదు.

*

న్యూయార్క్ నగరం దక్షిణపు కొసన, సముద్రం ఒడ్డున, కోనీ ఐలాండ్ ఉంటుంది. అక్కడ నేథన్స్ అనే హాట్‌డాగ్ దుకాణం ముందు ఏటా జులై 4న తిండి పోటీ. బన్నూ, అందులో ఉండే సాసేజీ రెండూ తింటేనే లెక్క. 2001లో గడువు 12 నిమిషాలు. అప్పటికి రికార్డు 25⅛. అంతకు ముందటేడు మరో జపాన్ ఆయన పెట్టిన రికార్డు అది. ఆ ఎనిమిదో వంతుని కూడా వదలకుండా లెక్క పెట్టారంటే, పై అంచుకి చేరిపోయామని అందరూ ఎంతగా నమ్మారో తెలుస్తుంది.

కొబయాషికి అప్పుడు 23 ఏళ్ళు. బరువు అరవై కిలోలకి అటూఇటూ. 12 నిమిషాలయ్యేసరికి 50 తిన్నాడు. వెనకాల అంకెల అట్టలు పట్టుకుని నిలబడే వాళ్ళ దగ్గర అంత పెద్ద అంకెలు లేవు. కాగితాల మీద చేత్తో రాసి చూపించాల్సొచ్చింది. పరుగు పందెంలో ఇలా జరిగితే గడియారం పాడైందనుకుంటాం.

ఇది ఘటోత్కచుడి తిండి కాదు. మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు పళ్ళాలు ఖాళీ చేస్తుంటే మనకి కనబడేది ఆనందం. ఆ కళ్ళు, ఆ మీసం, ఆ నవ్వు అన్నీ తింటాయి. కొబయాషి మొహంలో ఆనందం ఛాయలే లేవు. పరీక్ష హాల్లో ఆఖరి పది నిమిషాల్లో కుర్రాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

అతను నిజంగా పరీక్షకి చదివినట్టే చదివాడు. యొక్కయిచి విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ విద్యార్థి. కరెంటు బిల్లు కట్టడానికి కూడా ఇబ్బందిగా ఉన్న రోజుల్లో, ప్రియురాలు అతని పేరు ఒక టీవీ తిండి పోటీకి పంపించిందట. అందులో గెలిచాక కోనీ ఐలాండ్ మీద కన్నేశాడు. ఇంట్లో నెలల తరబడి సాధన చేశాడు. ప్రతి సాధననీ వీడియో తీసుకున్నాడు, అంకెలన్నీ పట్టికలో ఎక్కించుకున్నాడు. అందరూ "ఎక్కువ ఎలా తినాలి" అని ఆలోచిస్తుంటే, అతను "ఇది తినడం సులువు ఎలా అవుతుంది" అని ఆలోచించాడు. బన్నునీ సాసేజ్‌నీ విడదీశాడు. సాసేజ్‌ని సగానికి విరిచి రెండు ముక్కలూ ఒకేసారి నోట్లో పెట్టుకున్నాడు. బన్నుని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, పిండి, ముద్ద చేసి మింగాడు. ఆ ఒళ్ళు మెలికలు తిప్పడం కూడా ఊరికే కాదు, తిన్నది కిందికి జారి పొట్టలో చోటు కావాలని. అన్నిటికంటే ముఖ్యంగా, 25⅛ అనే అంకెని లెక్కలోకి తీసుకోనే లేదు. అది వేరేవాళ్ళు తప్పు ప్రశ్న వేసుకుని తెచ్చుకున్న జవాబు, నా హద్దు కాదు అనుకున్నాడు.

ఈ కథ తర్వాత ఒక పుస్తకానికెక్కింది. స్టీవెన్ లెవిట్, స్టీఫెన్ డబ్నర్ 2014లో రాసిన 'థింక్ లైక్ ఎ ఫ్రీక్'లో కొబయాషి మీద పెద్ద అధ్యాయమే ఉంది. అక్కణ్ణించి ఆఫీసుల్లోకొచ్చింది. నేను పనిచేసిన ఒక కంపెనీలో ట్రైనింగ్‌కొచ్చినాయన తెర మీద ఒకే స్లైడు పెట్టాడు: 25⅛, బాణం గుర్తు, 50. "హద్దులు మీ బుర్రలో ఉన్నాయి" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ సాయంత్రం డెలివరీ ఉంది. మధ్యాహ్నం భోజనం చెయ్యలేదన్న సంగతి రాత్రి పదకొండింటికి గుర్తొచ్చింది నాకు.

స్లైడులో కథ 2001లోనే ఆగిపోయింది.

*

హద్దు బుర్రలో ఉంటుందన్న మాట తిండి విషయంలో కొంత నిజమే. పొట్ట సాగేకొద్దీ ఆ కబురు వేగస్ అనే నాడి గుండా మెదడుకి వెళ్తుంది. పేగుల నుంచి హార్మోన్లు వెళ్తాయి. అవన్నీ కలిసి "ఇక చాలు" అనిపించడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. పది నిమిషాల పోటీ ఆ కబురు పూర్తిగా చేరేలోపే ముగుస్తుంది. కానీ అంతమాత్రాన 50 పట్టవు. పొట్ట గోడలు ఎంత సాగినా గొడవ చెయ్యకుండా వాటికి నేర్పాలి. ఏళ్ళ తరబడి నేర్పితే నేర్చుకుంటాయి కూడా.

2007లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం రేడియాలజీ డాక్టర్లు ఇద్దరు మనుషులకి బేరియం తాగించి, హాట్‌డాగ్‌లు తినిపించి, ఎక్స్‌రేలో చూశారు. ఒకాయన బాగా తినే మామూలు మనిషి. ఏడు తినేసరికి ఇంక నావల్ల కాదన్నాడు. రెండోవాడు పోటీలకెళ్ళే ప్రొఫెషనల్. పది నిమిషాల్లో 36 తిన్నాడు. ఆ పైన వాళ్ళే ఆపించేశారు. అతని పొట్ట మామూలుగా కదిలి, పిసికి, తిన్నదాన్ని కిందికి తొయ్యడం దాదాపు మానేసింది. కడుపు పైభాగమంతా ఆక్రమించిన ఒక వదులు సంచిలా సాగిపోయింది. కడుపు నిండినట్టు తనకి ఎప్పుడూ అనిపించదని చెప్పాడతను. ఇలాగే సాగితే ఒకనాటికి ఆ పొట్ట మళ్ళీ ముడుచుకోకపోవచ్చనీ, కదలడం మానేయొచ్చనీ, వాంతులు ఆగక చివరికి పొట్టనే తీసేయాల్సి రావచ్చనీ డాక్టర్లు రాశారు.

అది చదివినప్పుడు నాకు అగస్త్యుడు గుర్తొచ్చాడు. మేకగా మారిన వాతాపిని వండి పెడితే తినేసి, పొట్ట నిమురుకుని అరాయించుకున్న ముని. మనిళ్ళల్లో పసిపిల్లకి పాలు పట్టాక పొట్ట మీద అరచెయ్యి తిప్పుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటారు. ఆ కథలో అగస్త్యుడి గొప్ప తినడం కాదు. తినడం ఎవరైనా తింటారు, అంతకుముందు ఎందరో బ్రాహ్మలు తిని చచ్చిపోయారు కూడా. అరిగించుకోవడం ఆయన గొప్ప.

పొట్టలో రెండు పాళ్ళు అన్నానికి, ఒక పాలు నీటికి, ఒక పాలు గాలికి వదలమని వాగ్భటుడు అష్టాంగ హృదయంలో చెప్పాడు. జపాన్‌లోనూ ఇలాంటి మాటే ఉంది, హర హచిబు అంటారు. పదింట ఎనిమిది పాళ్ళ దగ్గర ఆపు అని. కొబయాషి ఆ మాట వింటూ పెరిగిన దేశం వాడు. ఆ దేశమే టీవీలో తిండి పోటీలు పెట్టి అతన్ని తయారుచేసింది. 2002లో అక్కడ ఒక బడిపిల్లవాడు మధ్యాహ్న భోజనం దగ్గర తోటివాళ్ళతో పోటీపడి గబగబా తింటూ, గొంతుకి అడ్డుపడి ప్రాణం పోగొట్టుకున్నాక, ఆ టీవీ పోటీలు కొన్నాళ్ళు ఆగిపోయాయి. అప్పటికి కొబయాషి అమెరికా వాళ్ళ హీరో.

*

2001 నుంచి 2006 దాకా ఆరేళ్ళు వరసగా అతనే గెలిచాడు. 2003లో ఒక అమెరికన్ టీవీ ఛానెల్ వాళ్ళు తీసుకెళ్ళి కొడియాక్ ఎలుగుబంటితో పోటీ పెట్టారు. అది 50 సాసేజ్‌లు తినేసరికి ఇతను 31 దగ్గరున్నాడు. ఆ వీడియో నేను ఒకసారే చూశాను. మళ్ళీ చూడబుద్ధి కాలేదు. ఓడినందుకు కాదు. ఓడాక అతని మొహంలో నిజంగా ఓడిన బాధ ఉంది. ఎలుగుబంటిని గెలవగలనని అనుకున్నాడు!

2007లో దవడ దెబ్బతింది. నోరు వేలి కొసంత మాత్రమే తెరుచుకుంటోందని చెప్పాడు. అదే ఏడాది తల్లి పోయింది. అయినా వచ్చాడు. 63 తిన్నాడు. జోయ్ చెస్ట్‌నట్ అనే కాలిఫోర్నియా కుర్రాడు 66 తిన్నాడు. 2008లో గడువుని 10 నిమిషాలకి తగ్గించారు. ఇద్దరూ చెరో 59తో సమానం. ఇంకో ఐదు ఎవరు ముందు తింటే వాళ్ళదే గెలుపన్నారు. చెస్ట్‌నట్ గెలిచాడు. అతను కొబయాషి పద్ధతుల్నే నేర్చుకున్నాడు. ఆ బల్ల దగ్గర నిలబడే వాళ్ళందరూ నీళ్ళలో ముంచేవాళ్ళే, ఒళ్ళు ఊపేవాళ్ళే. దారి వేసినవాణ్ణి ఆ దారిలోనే దాటి వెళ్ళిపోయారు.

2010లో నిర్వాహకుల కాంట్రాక్టు మీద పేచీ వచ్చింది. తాము చెప్పిన పోటీల్లోనే తినాలన్నారు వాళ్ళు. అతను సంతకం పెట్టలేదు. జులై 4న ప్రేక్షకుడిగా వచ్చి కింద జనంలో నిలబడ్డాడు. "అతన్ని తిననివ్వండి" అని జనం అరవడం మొదలుపెట్టారు. ఆ అరుపులకి వేదిక ఎక్కాడు. పోలీసులు పట్టుకుని ఈడ్చుకెళ్ళారు. ఆ రాత్రి జైల్లో గడిపాడు. మర్నాడు బయటికొచ్చి, ఆకలేస్తోంది, జైల్లో హాట్‌డాగ్‌లు పెడితే బాగుండేది అన్నాడట విలేఖరులతో. మరుసటేడు అదే రోజు, అదే సమయానికి మన్‌హట్టన్‌లో ఒక మేడ మీద తనే బల్ల వేసుకుని 69 తిన్నాడు. కోనీ ఐలాండ్‌లో చెస్ట్‌నట్ తిన్నవి 62. ఆ 69ని నిర్వాహకులు లెక్కలోకి తీసుకోలేదు.

అరెస్టు వీడియోలో నాకు గుర్తుండిపోయింది పోలీసులు కాదు, జనం. వాళ్ళు అతని మీద ప్రేమతోనే అరుస్తున్నారు. అందులో ఏ అనుమానమూ లేదు.

*

2011 ఫిబ్రవరిలో మా అక్క పెళ్ళి. నాన్నకి అప్పటికి ఏడేళ్ళుగా షుగరు. తీపి ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాన్న ముట్టుకోవడం లేదు కూడా. మూడో బంతిలో కూర్చున్నాడు. చుట్టాల్లో ఎవరో అందుకున్నారు: "మేష్టారూ, వాచీ ఇంకా నడుస్తోందా?"

నవ్వులు. బూరెల పళ్ళెం వచ్చింది. నలుగురూ మూగారు. నాన్న నవ్వుతూనే మొదటిది తీసుకున్నాడు. నేను జేబులోంచి ఫోను తీశాను. కొత్త ఫోను, వీడియో బాగా వస్తుంది. అంకెలు గట్టిగా లెక్కపెట్టింది నేనే. "పది! పదకొండు!" వెనక అందరూ అందుకుంటున్నారు. అమ్మ ఒకసారి ఇటు చూసి, పెళ్ళివాళ్ళ వైపు వెళ్ళిపోయింది.

పదిహేను దగ్గర నాన్న విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

మన బంతి భోజనాల్లో అంతకంటే స్పష్టమైన మాట లేదు. నోటితో చాలు అంటే వడ్డించేవాళ్ళు వినరు, ఇంకో గరిటె వేస్తారు. అది మర్యాద. చెయ్యి అడ్డం పెడితే మాత్రం ఆగుతారు. వడ్డించేవాడు ఆగాడు. నేనే వంగి, ఎడం చేత్తో నాన్న చేతిని పట్టుకుని, విస్తరి మీంచి తీసి పక్కన పెట్టాను. "ఒక్కటి నాన్నా, ఇంకొక్కటి." నాన్న నా వంక చూశాడు. ఆ చూపు వీడియోలో ఉంది. అప్పుడు నాకు కనబడలేదు. నేను ఫోను తెరలో బూరె సరిగ్గా పడుతోందా లేదా అని చూసుకుంటున్నాను.

పందొమ్మిది తిన్నాడు. సాయంత్రానికి వాంతులు. గ్లూకోమీటరు అంకె చూపించలేదు, 'హై' అని మాత్రం చూపించింది. టౌన్లో నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాం. అక్క అప్పగింతల వేళకి నాన్న సెలైన్ సీసా కింద పడుకుని ఉన్నాడు.

ఎవరూ నన్నేమీ అనలేదు. నాన్న అసలే అనలేదు. తర్వాత ఆ సంగతి ఎత్తినవాళ్ళతో "అలవాటు తప్పింది, అంతే" అనేవాడు.

*

2024 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో పొట్ట ఆరోగ్యం మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అందులో కొబయాషి ఉన్నాడు. జుట్టు నెరిసింది, మాట మెత్తగా ఉంది. తనకి ఇప్పుడు ఆకలి తెలియదనీ, కడుపు నిండిన సంగతీ తెలియదనీ చెప్పాడు. తిండి లేకుండా రోజులు గడిచినా పట్టదని భార్య చెప్పింది. అది చూసి ఆపేసి కాసేపు కూర్చున్నాను. జైలు బయట నిలబడి ఆకలేస్తోందన్న మనిషే ఇతను. 25⅛ అనే గీత లేదనుకోవడంలో ఉన్న తెలివే అతన్ని ఇక్కడికి తెచ్చింది. బయటివాళ్ళు గీసిన గీతనీ, ఒంట్లో ఉన్న గీతనీ ఒకే సాధనతో చెరిపేశాడు. మొదటిది చెరిపినందుకు మనం చప్పట్లు కొట్టాం. రెండోది చెరిగిపోతున్నప్పుడు కూడా కొడుతూనే ఉన్నాం.

మే నెలలో పోటీలు మానేస్తున్నానన్నాడు. జూన్‌లో మళ్ళీ ప్రకటన: సెప్టెంబర్ 2న లాస్ వేగాస్‌లో చెస్ట్‌నట్‌తో ముఖాముఖీ, నెట్‌ఫ్లిక్స్‌లో ప్రత్యక్ష ప్రసారం.

అప్పటికి అమ్మానాన్నా హైదరాబాద్‌లో మా ఇంట్లోనే ఉంటున్నారు. నాన్న పొట్ట కదలడం తగ్గిపోయింది. ఇరవయ్యేళ్ళ షుగరు వేగస్ నాడిని దెబ్బతీసిందనీ, తిన్నది పొట్టలోంచి కిందికి దిగడానికి గంటలు పడుతోందనీ డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. ఆ పందొమ్మిది బూరెల వల్ల అని ఆయన అనలేదు. నేను అడిగాను కూడా. "ఒక పూట వల్ల అలా అవదండీ" అన్నాడు. నాలుగు చెంచాలు తినగానే నాన్నకి గొంతుదాకా నిండినట్టుంటుంది. కొబయాషికి చాలు అన్న మాట లేదు. నాన్నకి ఆ మాట తప్ప ఇంకేమీ మిగల్లేదు.

పోటీ మన టైములో అర్ధరాత్రి దాటాక. మర్నాడు మధ్యాహ్నం నాన్నతో కలిసి చూశాను. ఈసారి బన్నులు నీళ్ళలో ముంచకూడదని నియమం. కొబయాషి కనిపెట్టిన పద్ధతి కొబయాషికే లేదన్నమాట. చెస్ట్‌నట్ 83, కొబయాషి 66. నాన్న లెక్కల మేష్టారు కదా, "నిమిషానికి ఎనిమిది పైచిలుకు" అన్నాడు. కొంచెంసేపాగి, "ఓడినాయనకి వయసెంత?" అన్నాడు.

"నలభై ఆరు."

"ఆకలే తెలీదన్నావు కదరా. మరెందుకొచ్చాడు?"

నాకు తోచిన కారణాలు చెప్పాను. పౌరుషం, డబ్బు, పాత బాకీ. నాన్న తల అడ్డంగా ఊపాడు.

"పిలిచుంటారు" అన్నాడు.

ఆ రాత్రి నాన్నకి నేనే తినిపించాను. మెత్తగా పిసికిన పెరుగన్నం. ఐదో చెంచా దగ్గర ఆయన గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు. డాక్టరు కనీసం పది చెంచాలన్నాడు. గిన్నెలో సగానికి పైగా ఉంది. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఇంకొక్కటి" అన్న మాట నా నోటిదాకా వచ్చింది.

గిన్నె పక్కన పెట్టి మూత వేశాను. అమ్మ వచ్చి మంచం మీద కూర్చుని నాన్న పొట్ట మీద అరచెయ్యి ఆనించి, పసివాడికి తిప్పినట్టు మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది.